ఎజెక్షన్ ఫ్రాక్షన్ 60 శాతం ఉన్నా ఆయాసం ఎందుకు?

మెట్లెక్కితే ఆయాసం, ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో స్పందనలో గుండె బయటికి పంపే రక్తం వాటా) నార్మల్‌గా 60 శాతం, పల్స్ వేవ్ వెలాసిటీ (ధమనుల్లో నాడి తరంగం సాగే వేగం) సెకనుకు 12 మీటర్లు: మీ నాన్నగారి విషయంలో మీరు రాసిన ఈ మూడూ కలిస్తే, పంపింగ్ తగ్గకుండానే వచ్చే హార్ట్ ఫెయిల్యూర్‌ను ముందుగా అనుమానించాలి. బృహద్ధమని బిరుసెక్కితే, వెనక్కి మళ్లిన ఈ నాడి (పల్స్) తరంగం గుండె ఇంకా సంకోచంలో ఉండగానే తిరిగొచ్చి ఎడమ జఠరికపై (గుండె ఎడమ కింది గదిపై) భారం పెంచుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే జఠరిక గోడ మందమై, సరిగా సడలలేక, ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి పెరుగుతుంది.

అయితే సెకనుకు 10 మీటర్లు దాటిన వేగం ధమనుల బిరుసుకు గుర్తే తప్ప, హార్ట్ ఫెయిల్యూర్ నిర్ధారణ కాదు. అది తేల్చుకోవడానికి ఈ వరుసలో వెళ్లండి.

1. ఆ పరీక్ష సమయంలో బీపీ ఎంత ఉందో చూడండి. బీపీ పెరిగితే వేగమూ పెరుగుతుంది.

2. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ (గుండెపై ఒత్తిడి పెరిగితే రక్తంలో పెరిగే పదార్థం) రక్తపరీక్ష చేయించండి. మిల్లీలీటరుకు 125 పికోగ్రాములు దాటితే అనుమానం బలపడుతుంది. స్థూలకాయుల్లో ఇది తక్కువగా చూపవచ్చు కాబట్టి, నార్మల్ వచ్చిందని అక్కడే ఆగకండి.

3. ఎక్కువమంది వదిలేసేది ఇదే: ఎకో (గుండె అల్ట్రాసౌండ్) విశ్రాంతిలోనే తీస్తారు, ఆయాసమేమో శ్రమలో వస్తుంది. పడుకున్నప్పుడు మామూలుగా ఉన్న గుండె లోపలి ఒత్తిడి, సైకిల్ తొక్కుతుండగా ఒక్కసారిగా పెరగవచ్చు. అందుకే డయాస్టాలిక్ స్ట్రెస్ ఎకో (శ్రమ చేయిస్తూ గుండె సడలింపును చూసే ఎకో) అవసరమా అని కార్డియాలజిస్టును పేరు పెట్టి అడగండి. మామూలు స్ట్రెస్ టెస్ట్ ప్రధానంగా రక్తనాళాల్లో అడ్డంకుల కోసం చేసేది, అది దీనికి బదులు కాదు. అప్పటికీ తేలకపోతే క్యాథెటర్‌తో (గుండెలోకి పంపే సన్నని గొట్టంతో) నేరుగా ఒత్తిడి కొలుస్తారు.

పడుకుంటే ఊపిరాడకపోయినా, కాళ్లు వాచినా ఈ వరుస కోసం ఆగకుండా వెంటనే చూపించండి.