డ్రాగ్ కారుకు డ్యాష్‌బోర్డు చేస్తున్నా... ఇది కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మాది చీపురుపల్లి. విజయనగరంలో ఈసీఈ డిప్లొమా రెండో ఏడాది చదువుతున్నాను. విశాఖ ఆటోనగర్‌లో గ్యారేజీ ఉన్న మా పెద్దమ్మ కొడుకు పాత హోండా సిటీని డ్రాగ్ రేసుకు (తిన్నని ట్రాక్ మీద కొద్ది దూరపు వేగ పోటీ) తయారు చేస్తూ, డ్యాష్‌బోర్డు నన్ను చేసిపెట్టమన్నాడు. నాకు చాలా ఇష్టంగా ఉంది. నాన్నేమో అవన్నీ మానేసి ఈసెట్‌కు (డిప్లొమా వాళ్లు బీటెక్‌లో చేరేందుకు రాసే ప్రవేశ పరీక్ష) చదువుకోమంటున్నారు. ఈ పనికి భవిష్యత్తు ఉందా? ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: రెండింటిలో ఏదీ వదులుకోనక్కర్లేదు. కాకపోతే ఒక సంగతి ముందే తెలుసుకోండి. డ్రాగ్ కార్లకు డ్యాష్‌బోర్డులు చేస్తూ నెలనెలా జీతం తీసుకునే ఉద్యోగం మన దేశంలో దాదాపు లేదు. ఈ పనితో వచ్చే విద్యకు మాత్రం మంచి గిరాకీ ఉంది. సెన్సర్ చెప్పేది తప్పు లేకుండా చదవడం, వేడికీ అదురుకీ తట్టుకునేలా వైరింగ్ చేయడం వచ్చినవాళ్లు కోయంబత్తూరులో ప్రికాల్, చెన్నైలో విస్టియన్, బెంగళూరులో బాష్ లాంటి కంపెనీలకు కావాలి. కాబట్టి ఈ డ్యాష్‌బోర్డును సరదా పనిలా కాకుండా, రేపు ఇంటర్వ్యూలో బల్ల మీద పెట్టి చూపించే వస్తువులా చేయండి.

చాలామంది 7 అంగుళాల స్క్రీన్ కొని దాని మీద రంగురంగుల మీటర్లు గీయడంతో మొదలుపెడతారు. మీరు డ్రైవరు కళ్లతో మొదలుపెట్టండి. డ్రాగ్ పరుగు సాధారణంగా క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్లు. ఆ కొద్ది సెకన్లలో డ్రైవరు చూపు ట్రాక్ మీదే ఉంటుంది. అతనికి కావలసింది గేరు ఎప్పుడు మార్చాలో చెప్పే షిఫ్ట్ లైటు, ఆయిల్ ప్రెషర్ పడిపోతే వెలిగే ఎర్ర లైటు. కూలెంట్ వేడి, ఫ్యూయల్ ప్రెషర్, బ్యాటరీ వోల్టేజి స్టార్టు లైను దగ్గరికి వెళ్లేముందు ఒకసారి చూసుకుంటే చాలు, వాటికి చిన్న మీటర్లు సరిపోతాయి. స్పీడోమీటరుకు చోటు వృథా చేయకండి. చక్రాలు జారుతున్నప్పుడు అది చూపేది తప్పు, అసలు స్పీడు రేసు తర్వాత ఇచ్చే టైమ్ స్లిప్‌లో ఉంటుంది.

ముందు అట్టతో నమూనా కోయండి. డ్రైవరు హెల్మెట్ పెట్టుకుని, బెల్టులు బిగించుకుని కూర్చున్నాక చూడండి. స్టీరింగ్ అడ్డొచ్చే చోట పెట్టిన మీటరు లేనట్టే లెక్క. బెల్టు వేశాక చేయి ఎంత దూరం వెళ్తుందో కూడా అప్పుడే తెలుస్తుంది, స్విచ్చులు ఆ హద్దులోనే ఉండాలి. అట్ట కుదిరాక 2 మి.మీ. అల్యూమినియం రేకు మీదికి మార్చుకోండి. 600 × 200 మి.మీ. ముక్క సుమారు 650 గ్రాములు తూగుతుంది. చిన్న మీటర్లలో ఎక్కువగా దొరికే సైజు 52 మి.మీ. ఆ సైజు హోల్ సా (గుండ్రని రంధ్రం కోసే రంపపు బిట్టు) తెచ్చి, రేకు కింద చెక్క పెట్టి, డ్రిల్లు నెమ్మదిగా తిప్పుతూ, పంటి మీద చుక్క చుక్క కిరోసిన్ వేస్తూ కోయండి. వేగంగా తిప్పితే అల్యూమినియం పళ్లకు అతుక్కుపోయి రంధ్రం చిరుగుతుంది. అంచులన్నీ ఆకురాయితో రుద్ది, వైర్లు దూరే చోట రబ్బరు గ్రోమెట్ వేయండి. రంగు మెరుపు లేని నలుపే. మెరిసే రేకు మధ్యాహ్నం ఎండలో ముందు అద్దం మీద ప్రతిబింబిస్తుంది. ప్యానెల్ బిగించడానికి రోల్ కేజ్ (కారు బోల్తా పడితే డ్రైవరును కాపాడే చట్రం) పైపుకు ఎట్టి పరిస్థితిలోనూ రంధ్రం వేయకండి, క్లాంపులు వాడండి.

ముల్లు మీటర్లయితే పాత రేసు మెకానిక్కుల పద్ధతి ఒకటి చాలా మంచిది. ఇంజిన్ సక్రమంగా ఉన్నప్పుడు అన్ని ముళ్లూ నిలువుగా పైకి చూసేలా ఒక్కో మీటరునూ తిప్పి బిగించండి. అప్పుడు అంకెలు చదవక్కర్లేదు, పక్కకు వాలిన ముల్లు దానంతటదే కంటపడుతుంది.

ఇక అసలు పని సిగ్నళ్లది. సాధారణంగా దొరికే ఆయిల్ ప్రెషర్ సెన్సర్ 5 వోల్టులతో పనిచేసి 0.5 నుంచి 4.5 వోల్టుల దాకా ఇస్తుంది. 150 పీఎస్ఐ సెన్సర్ అయితే 2.5 వోల్టులకు 75 పీఎస్ఐ. ఆ వోల్టేజిని చదివే ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ బోర్డు పిన్ను 3.3 వోల్టులకు మించి తట్టుకోదు. అందుకని సెన్సర్ నుంచి పిన్నుకు 10 కిలో ఓమ్‌లు, పిన్ను నుంచి గ్రౌండ్‌కు 15 కిలో ఓమ్‌లు పెట్టి 5 వోల్టులను 3కు దించండి. 0.5 కంటే బాగా తక్కువ వచ్చిందంటే ప్రెషర్ సున్నా అని కాదు, వైరు తెగిందని. ప్రోగ్రాంలో ఈ రెండింటినీ వేరువేరుగా చూపించండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇలాంటివే అడుగుతారు. మరో సంగతి, ఇంధనం పైపును మీటరు కోసం క్యాబిన్‌లోకి తేకూడదు. ఫ్యూయల్ ప్రెషర్‌కు ఎలక్ట్రిక్ సెన్సరే వాడి, దాన్ని ఇంజిన్ వైపే ఉంచండి.

నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక చుట్టుకు రెండుసార్లు స్పార్క్ ఇస్తుంది. అంటే 6000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 200 పల్సులు. మీటరు 12000 చూపిస్తే ఇంజిన్ తప్పు కాదు, చుట్టుకు ఒక్క పల్సే అని మీరు ప్రోగ్రాంలో రాసి ఉంటారు. ఇగ్నిషన్ కాయిల్ నెగటివ్ దగ్గర క్షణం పాటు 300 వోల్టులు దాటి లేస్తుంది. ఆ వైరును నేరుగా బోర్డుకు కలిపితే మొదటి స్టార్టుకే బోర్డు పోతుంది, మధ్యలో తగిన రెసిస్టరు, ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను కాంతి ద్వారా దాటించే చిప్పు) ఉండాలి. సెన్సర్ వైర్లను స్పార్క్ ప్లగ్ వైర్లకు దూరంగా నడిపి, తప్పనిసరై దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. సెన్సర్ వైరు చుట్టూ ఉండే లోహపు షీల్డ్‌ను ఒక చివరే గ్రౌండ్ చేయండి. కారులో క్యాన్ (రెండు వైర్ల మీద డేటా పంపే పద్ధతి) ఉన్న ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటరు, పెడితే పని ఇంకా తేలిక. మెలిపెట్టిన రెండు వైర్లు, రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు. కరెంటు ఆపి మల్టీమీటరుతో ఆ రెండు వైర్ల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టరు లేదని అర్థం.

షిఫ్ట్ లైటు విషయంలో లెక్క చేయండి. మొదటి గేరులో ఇంజిన్ సెకనుకు 4000 ఆర్‌పీఎం చొప్పున పెరుగుతోందనుకుందాం. లైటు చూసి చేయి కదలడానికి 0.2 సెకను పడితే, అప్పటికే 800 ఆర్‌పీఎం దాటిపోతుంది. 7000 దగ్గర మార్చాలంటే మొదటి గేరులో లైటు 6200కే వెలగాలి. పై గేర్లలో పెరుగుదల నెమ్మది కాబట్టి అక్కడ ఈ తేడా తగ్గుతుంది. రికార్డయిన డేటాతో గేరు గేరుకూ సరిదిద్దుకోండి.

కరెంటు దగ్గర ఎక్కువగా జరిగే తప్పులు రెండు. స్టార్టర్ తిప్పగానే బ్యాటరీ 9 వోల్టుల కిందికి పడొచ్చు, అప్పుడు స్క్రీన్ ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. 6 వోల్టుల దగ్గరా పనిచేసే కన్వర్టర్, దాని ముందు టీవీఎస్ డయోడ్ (వోల్టేజి ఒక్కసారిగా ఎగిస్తే అడ్డుకునేది), డ్యాష్‌బోర్డుకు విడిగా 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. రెండోది కిల్ స్విచ్, అంటే ప్రమాదంలో ఇంజిన్‌ను వెంటనే ఆపే స్విచ్. అది బ్యాటరీని మాత్రమే విడదీస్తే ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటుతో ఇంజిన్ తిరుగుతూనే ఉండొచ్చు. స్విచ్ నొక్కితే ఇంజిన్ ఆగాలి, ఆగిందో లేదో నడుస్తున్న ఇంజిన్ మీదే పరీక్షించాలి. ఫ్యూయల్ పంపు, ఫ్యాను కరెంటు రిలేల ద్వారానే వెళ్లాలి, డ్యాష్‌బోర్డు స్విచ్చుల గుండా కాదు. జాయింట్లు సరైన క్రింపింగ్ టూలుతో (టెర్మినల్‌ను వైరు మీద నొక్కి బిగించేది) చేయండి. టంకం పెడితే అది వైరు లోపలికి పాకి ఆ చోటు గట్టిపడుతుంది, అదురుకు సరిగ్గా ఆ అంచునే తెగుతుంది. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో సీలు లేని కనెక్టర్లకు తుప్పు కూడా త్వరగా పడుతుంది.

కారులో పెట్టేముందు బల్ల మీద పరీక్షించండి. సెన్సర్ బదులు పొటెన్షియోమీటరు, ఇంజిన్ బదులు కాలేజీ ల్యాబులోని ఫంక్షన్ జనరేటరు. 200 హెర్ట్జ్ ఇస్తే మీటరు 6000 చూపాలి. తర్వాత రోహిణీ కార్తె ఎండలో అద్దాలు మూసిన కారులో రెండు గంటలు ఉంచి చూడండి. మామూలు ఎల్‌సీడీ స్క్రీన్లు ఆ వేడికి నల్లబడిపోతాయి. కారు పరీక్షను జాతీయ రహదారి మీదికి మాత్రం తీసుకెళ్లకండి. రోడ్డు మీద రేసింగ్ మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం, ప్రాణాలకే ముప్పు. ట్యూనింగ్ డైనో (కారును కదలకుండా ఉంచి ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద, పరుగు ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటారు రేసుల సమాఖ్య) అనుమతి ఉన్న పోటీలోనే.

చదువు మాటకొస్తే నాన్నగారు చెప్పింది సరైనదే. ఈసెట్‌లో 200 మార్కులకు గణితం 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మీ బ్రాంచి సబ్జెక్టు 100. ఇప్పుడు మీరు చేసే పని ఆ 100 మార్కుల్లో కొంత మేర పనికొస్తుంది, గణితానికి మాత్రం రోజూ విడిగా కూర్చోవాల్సిందే. ఈ వేసవిలో డ్యాష్‌బోర్డు ముగించి, మూడో ఏడాది మొదలయ్యాక కారు పని ఆదివారాలకే పరిమితం చేయండి. ర్యాంకు వస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ, చింతలవలసలో ఎంవీజీఆర్, రాజాంలో జీఎంఆర్ఐటీ దగ్గర్లోనే ఉన్నాయి. కాలేజీ ఎంచుకునేటప్పుడు, విద్యార్థులే వాహనం తయారుచేసి నడిపే బాజా ఎస్‌ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ పోటీలకు వెళ్లే విద్యార్థి జట్టు అక్కడ ఉందో లేదో సీనియర్లను అడగండి. ఆ జట్లలో మెకానికల్ వాళ్లు బోలెడంత మంది ఉంటారు, వైరింగ్, డేటా చూసేవాళ్లే దొరకరు. ఇంట్లో పరిస్థితి వల్ల డిప్లొమాతోనే ఆగాల్సి వస్తే నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం) కింద ఏడాది అప్రెంటిస్‌షిప్‌కు ఆటోమొబైల్ కంపెనీల్లో దరఖాస్తు చేయండి.

ఇవాళే ఒక నోటుపుస్తకం తీసుకుని ఏ వైరు, ఏ రంగు, ఏ మందం, ఏ పిన్ను నుంచి ఏ పిన్నుకు, ఏ ఫ్యూజు అన్నది పట్టికగా రాయడం మొదలుపెట్టండి. ఆ పట్టిక పూర్తయ్యాకే ఆటోనగర్‌కు వెళ్లి వైరు కొనండి. ఒక కాపీ మీ అన్నయ్యకు ఇచ్చి కారులోనే ఉంచమనండి, పోటీ రోజు మీరు అక్కడ లేకపోయినా ఫ్యూజు ఎక్కడుందో వాళ్లకు తెలియాలి.