స్క్రీన్ పసుపు చేసుకుని నెత్తి మీద ట్యూబ్‌లైటు వేసుకుంటే లాభం లేదు

రాత్రిపూట కంప్యూటర్ స్క్రీన్‌ని పసుపు రంగులోకి మార్చే ఎఫ్.లక్స్, నైట్ లైట్ లాంటివి వాడితే నిజంగా నిద్ర పడుతుందా అని అడిగారు. ఉపయోగం లేకపోలేదు, కానీ ముందు గదిలో ట్యూబ్‌లైటు ఆర్పండి.

నేను ఎఫ్.లక్స్ చాలా ఏళ్లుగా వాడుతున్నాను. అది 2009లోనే వచ్చింది, ఆపిల్ నైట్ షిఫ్ట్ 2016లో, విండోస్ నైట్ లైట్ 2017లో వచ్చాయి. వెలుగు రంగుని కెల్విన్లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు. ఎఫ్.లక్స్ పగలు 6500 కెల్విన్ దగ్గర తెల్లగా ఉండే స్క్రీన్‌ని రాత్రికి 3400కి, ఇంకా కావాలంటే కొవ్వొత్తి రంగులాంటి 1900కి దించుతుంది. అంటే నీలం తగ్గిస్తుంది. పగలో రాత్రో మెదడుకి చెప్పే కణాలు కంట్లో కొన్ని ఉన్నాయి, అవి 480 నానోమీటర్ల దగ్గరి నీలానికే ఎక్కువ స్పందిస్తాయి. బాగుంది. కానీ ఆ నీలం స్క్రీన్ నుంచి వచ్చిందా, గోడ మీది ట్యూబ్‌లైటు నుంచి వచ్చిందా అని అవి చూడవు కదా.

మా విశాఖకి హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12, ఆదివారం. ఎంవీపీ కాలనీలో మా వీధిలో చెట్లు కూలిపోయాయి, కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు, పాల ప్యాకెట్ కోసం తెల్లారకముందే లైను, కొవ్వొత్తులైతే నోటికొచ్చిన రేటు చెప్పి అమ్మారు, ఆ కొట్టుకి నేను మళ్లీ వెళ్లలేదు. చీకటి పడగానే అమ్మ హాల్లో ఒకే ఒక్క కొవ్వొత్తి వెలిగించేది, అన్నాలు తినేసి మేడ మీద చాపలు పరుచుకునేవాళ్లం. మామూలుగా మా నాన్న పన్నెండు దాకా టీవీ చూసి, మంచమెక్కాక కూడా అటూ ఇటూ దొర్లేవారు. అలాంటి మనిషి ఎనిమిదిన్నరకల్లా గుర్రు పెట్టేవారు! ఫ్యాన్ లేదు, ఉక్కపోత, ఒకటే దోమలు, అయినా నిద్ర. అలసట వల్ల అంటారేమో, నేను ఒప్పుకోను, డ్యూటీ నుంచి ఆయన రోజూ అలసిపోయే వచ్చేవారు. చివరికి ఓ రాత్రి పదింటికి కరెంటొచ్చింది. వీధి వీధంతా ఒక్కసారిగా కేకలు, ఇళ్లన్నీ పెళ్లిపందిరిలా వెలిగిపోయాయి, ఒంటిగంట దాటినా ఎవరూ పడుకోలేదు. మర్నాటి నుంచి నాన్న మళ్లీ పన్నెండు దాకా మెలకువే. స్క్రీన్ రంగు కంటే గది వెలుగే ముఖ్యమని నాకు అప్పుడే తేలిపోయింది.

మన ఇళ్లలో హాలు, వంటిల్లు, పడకగది అన్నిటికీ ఆ 6500 కెల్విన్ తెల్ల లైటే. షాపులో పసుపు ఛాయ ఉండే వార్మ్ వైట్ అడిగితే "అది డల్‌గా ఉంటుంది సార్, హోటళ్లకి పెడతారు" అని మళ్లీ తెల్లదే చేతిలో పెడతారు. తుపాను తర్వాత ఊళ్లో వీధి దీపాలు కూడా ఎల్‌ఈడీలయ్యాయి, కరెంటు ఆదా అవుతుంది, కాదనను, కానీ పాత సోడియం దీపాల నారింజ వెలుగు పోయి ఆ తెల్లదనం నేరుగా మా పడకగదిలో పడుతుంటే మందపాటి కర్టెన్ కొనాల్సి వచ్చింది.

ఇక కళ్లద్దాల షాపులో నీలం వెలుగుని అడ్డుకుంటుందంటూ బ్లూ కట్ లెన్స్ అంటగట్టడం ఇంకో బాధ. కళ్ల అలసట తగ్గించడంలో వాటితో పెద్ద ప్రయోజనం కనబడలేదని వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష కూడా 2023లో చెప్పింది. స్క్రీన్ చూస్తూ రెప్ప వేయడం తగ్గిపోతుంది, కళ్లు ఆరిపోతాయి, దానికి లెన్స్ ఏం చేస్తుంది?

ఫోన్లో నైట్ షిఫ్ట్ పెట్టినవాళ్లకీ పెట్టనివాళ్లకీ నిద్రలో తేడా కనబడలేదని 2021లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు చెప్పిన మాటా నిజమే. అది చూపించి ఈ సాఫ్ట్‌వేర్ దండగ అనేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. లైటు ఆర్పేసిన గదిలో తెల్ల స్క్రీన్ చూస్తే కళ్లలో పొడిచినట్టుంటుంది, పసుపు స్క్రీన్ అలా ఉండదు.

వాడేటప్పుడు ఒకటి చూసుకోండి. ఇవి సూర్యాస్తమయాన్ని బట్టి మారతాయి. మన విశాఖలో నవంబరు చివర్లో 5:20కే పొద్దుగూకుతుంది, జూన్ చివర్లో అయితే 6:30 దాటుతుంది. చలికాలంలో ఆఫీసులో ఇంకా పని నడుస్తుండగానే స్క్రీన్ పసుపెక్కిపోతే చాలామంది విసుగొచ్చి తీసేస్తారు. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి మీ టైము మీరే పెట్టుకోండి, పడుకునే ముందు రెండు గంటలు చాలు. ఋషికొండ, మధురవాడల్లో అమెరికా షిఫ్టు చేసేవాళ్లు సూర్యాస్తమయం సెట్టింగ్ జోలికే పోవద్దు, తెల్లవారుజామున ఇంటికెళ్లే ముందు పసుపయ్యేలా పెట్టుకోండి. ఫొటోలు, పెళ్లి కార్డులు, చీరల రంగులు చూసేటప్పుడు మాత్రం ఆపేయండి. బ్రైట్‌నెస్ కూడా తగ్గించండి, రంగు ఒక్కటే మారిస్తే చాలదు.