యూరియా వేసినా వరి పచ్చబడకపోతే ముందు ఆకు విరిచి చూడండి

యాసంగి వరి నాటి 25 రోజులైంది, ఇంకా తేరుకోలేదు, ఆకులు ఎర్రబడుతున్నాయి, యూరియా వేసినా రంగు మారలేదు, ఇంకో బస్తా వేయాలా అని అడిగారు. వద్దు, అన్నా. ఆ బస్తా ఆపండి.

నాలుగేళ్ల కింద మా చెరువు కింది మడిలో నాకూ ఇదే జరిగింది. రెండుసార్లు యూరియా చల్లాను. పచ్చబడకపోయేసరికి టెన్షన్ పట్టుకుంది. ఎరువుల షాపులో డీఏపీ (భాస్వరం ఎక్కువుండే ఎరువు) వేయమన్నారు, అదీ వేశాను. పైరు ఇంకా గిడసబారింది. అప్పుడు పక్క పొలం పెద్దాయన వచ్చి, ఒక ఆకు తెంపి నా చెవి దగ్గర విరిచాడు. టప్‌మని చప్పుడైంది. మంచి వరి ఆకు మెత్తగా వంగుతుంది గానీ అట్లా విరగదు. "ఇది జింకు లోపం బిడ్డా, యూరియాతో పోదు" అన్నాడు.

మీరూ పైనుంచి మూడో, నాలుగో ఆకు చూడండి. మధ్య ఈనె పాలిపోయి, చివర్లో ఈనెకు రెండు పక్కలా తుప్పు రంగు మచ్చలుంటే దాదాపు అదే. ఉత్తరాదిలో దీన్ని ఖైరా తెగులు అంటారు. కానీ ఇది తెగులు కాదు, జింకు దొరక్క వచ్చే బాధ అని పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వై.ఎల్. నెనె అనే శాస్త్రవేత్త 1966లో తేల్చారు. ఎప్పుడూ నీళ్లు నిలిచే మడిలో భూమిలో ఉన్న జింకు కూడా మొక్కకు అందదు. పైగా చలికి వేర్లు మందగిస్తాయి. భాస్వరం ఎక్కువైతే అందే కాస్త జింకు కూడా అందకుండా పోతుంది. నేను వేసిన డీఏపీ చేసిన పని అదే.

లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు, అంటే ఎకరాకు 200 లీటర్లలో 400 గ్రాములు, ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. పురుగు మందులతో కలపొద్దు. మచ్చలు పడిన పాత ఆకులు మళ్లీ పచ్చబడవు, అవి చూసి దిగులు పడకండి. కొత్తగా వచ్చే ఆకు ఎట్లుందో చూడండి. మా మడిలో రెండో పిచికారీ తర్వాత లేత ఆకులు పచ్చగా వచ్చాయి, పిలకలు కూడా మొదలయ్యాయి. వచ్చే యాసంగికి ఆఖరి దమ్ములో (నాటే ముందు బురద దున్నేటప్పుడు) ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేసుకోండి. డీఏపీతో కలపకుండా రెండు మూడు రోజులు తేడా ఉంచాలి.

మందు కొనే ముందు ఒక్క పని చేయండి. మడిలో దిగి నాలుగడుగులు వేయండి. కాలు దిగబడి బుడగలు లేస్తూ కుళ్లిన వాసన వస్తుందా? ఒక దుబ్బు పీకి వేర్లు కడగండి. నల్లగా ఉంటే అది సల్ఫైడు (గాలాడని బురదలో పుట్టే విషం) దుష్ప్రభావం, మురుగు నీరు పోని మడుల్లో వస్తుంది. అప్పుడు జింకు ఎంత కొట్టినా లాభం లేదు. నీళ్లు పూర్తిగా తీసేసి, సన్న నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టి మళ్లీ తడి ఇవ్వాలి. మా మడిలో ఒక మూల అట్లాగే ఉండేది, ఆ మూలకి మురుగు కాలువ తీశాకే బాగుపడింది.

కడిగిన వేర్లవి, మూడో ఆకుది దగ్గర్నుంచి తీసిన ఫొటోలు పెట్టండి, చూసి చెప్తాను.