ఎలుకను చూసి ఏడ్చిన అమ్మాయికి ఫార్మకాలజీ పనికిరాదా?

గుంటూరు నుంచి ఒక తండ్రి ఉత్తరం రాశారు. మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమస్తాగా చేస్తున్నారు. అమ్మాయి బీఫార్మసీ ఆఖరి సంవత్సరం, మార్కులు బాగానే వస్తున్నాయి. ఈమధ్య కాలేజీలో ఎంఫార్మసీ వాళ్ల ప్రాజెక్టుకి సాయం చేయడానికి వెళ్లి, ఎలుకల మీద చేసే ప్రయోగం చూసి వచ్చి రెండు రోజులు సరిగా అన్నం తినలేదట. పీజీలో ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే చదువు, చచ్చినా చేయనంటోంది. జంతువులతో పని లేకుండా కంప్యూటర్‌తో కొత్త మందులు వెతికే 'ఏఐ డ్రగ్ డిస్కవరీ' కోర్సు ఏదో ప్రైవేటు యూనివర్సిటీలో చేస్తానంటోంది. రెండేళ్లకి ఫీజు ఎనిమిది లక్షలు. "రెండింట్లో ఏది మంచిది? ఇంత మెతక మనసుతో ఈ పిల్ల ఎక్కడ నెగ్గుకొస్తుంది?" అని ఆయన అడిగారు.

అయ్యా, మీరు అడిగింది కోర్సుల గురించే అయినా, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ రెండో ప్రశ్నే అని ఉత్తరం చదువుతుంటే తెలిసిపోతోంది. విజయవాడలో కౌన్సెలింగ్‌కి నా దగ్గరికి ఏటా ఇలాంటి తల్లిదండ్రులు వస్తారు. రక్తం చూస్తే కళ్లు తిరిగే పిల్ల ఒకరింట్లో, శవం దగ్గర నిలబడలేని పిల్లాడు ఇంకొకరింట్లో. అందరి భయమూ ఒకటే, మా బిడ్డ బతకలేదేమో అని.

ముందు ఒక మాట. "కోడికూర తినేటప్పుడు లేని జాలి ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?" అని అమ్మాయిని అడిగానని మీరే రాశారు. అలా అనకుండా ఉండాల్సింది. ఆ పిల్ల మీతో వాదనకు రాలేదు, చూసింది తట్టుకోలేక మీ దగ్గరికి వచ్చింది. అలాంటప్పుడు నోరు మూయించేస్తే రేపు నిజంగా కష్టం వచ్చినా మీకు చెప్పదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను ఒక ఫార్మసీ కాలేజీలో ప్రాక్టికల్స్ చెప్పేవాణ్ణి. కండరాన్ని ముడుచుకునేలా చేసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం డోసు పెంచేకొద్దీ కప్ప కండరం ఎంత ముడుచుకుంటుందో చూపించే ప్రయోగం ఒకటి ఉండేది. డ్రమ్ముకి కాగితం చుట్టి, దానికి పొగ పట్టించి నల్లగా చేసేవాళ్లం. కండరం లాగినప్పుడల్లా ఆ నలుపు మీద సన్నటి తెల్లగీత పడేది. మందు పెంచితే గీత పెరుగుతుందని పుస్తకంలో ముందే ఉంది. అయినా బ్యాచ్‌కో కప్పని చంపేవాళ్లం. ఒక ఏడాది ఓ అమ్మాయి సూది పట్టుకుని చెయ్యి వణుకుతూ నిలబడిపోయింది. క్లాసందరి ముందూ కసిరాను. ఆ పిల్ల మళ్లీ ల్యాబులో తలెత్తి చూడలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఆ పిల్ల చెయ్యి వణకడమే సబబని తర్వాత చదువుల లోకం కూడా ఒప్పుకుంది. పుదుచ్చేరిలోని జిప్‌మర్ వైద్య సంస్థలో తయారు చేసిన ఎక్స్‌ఫార్మ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక అలాంటి ప్రయోగాలు కంప్యూటర్ మీదే చేయించే వీలు కలిగింది. జువాలజీ, లైఫ్ సైన్సెస్ కోర్సుల్లో జంతువులని కోయడం, వాటి మీద ప్రయోగాలు చేయడం మానేయమని యూజీసీ 2014లో చెప్పింది.

మీ అమ్మాయికి కలిగిన ఇబ్బంది సైన్సుకి కొత్త కాదు. 1959లోనే రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు దీని మీద పుస్తకమే రాశారు. జంతువు లేకుండా చేయగలిగితే లేకుండా చేయండి, తప్పదంటే వీలైనంత తక్కువ వాటితో సరిపెట్టండి, ఆ తక్కువ వాటికి కూడా బాధ తగ్గించండి అన్నారు. రీప్లేస్‌మెంట్, రిడక్షన్, రిఫైన్‌మెంట్, అంటే మూడు ఆర్‌లు. ఇప్పుడు ల్యాబుల్లో అందరి నోటా ఉన్న మాట ఇది.

ఇందులో మీ అమ్మాయి గమనించాల్సింది ఒకటుంది. జంతువుల సంఖ్య తగ్గించినవాళ్లలో ఎక్కువమంది ఆ ల్యాబుల్లో పనిచేసినవాళ్లే. మందు ఎంత మోతాదులో విషమవుతుందో తేల్చడానికి ఎల్‌డీ50 అనే పాత పరీక్ష ఉండేది. పెట్టిన జంతువుల్లో సగం చచ్చే మోతాదు ఎంతో లెక్కగట్టేవాళ్లు, ఒక్క మందుకి పదుల కొద్దీ జంతువులు పోయేవి. ఆ పాత పద్ధతిని, ఇలాంటి పరీక్షలకి మార్గదర్శకాలు ఇచ్చే ఓఈసీడీ అనే దేశాల కూటమి తన జాబితా నుంచి 2002లో తీసేసింది. దాని బదులు వచ్చిన పద్ధతుల్లో ఒకదానిలో విడతకు మూడు జంతువులే. మొదటి విడతలో తేలింది చూసి తర్వాతి విడత వేస్తారు. ఇది సాధించింది విషం ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లు, లెక్కలు వచ్చినవాళ్లు.

ఇంకా చిన్న విషయం చెబుతాను. ఎలుకని బోను లోంచి తీయాలంటే తోక పట్టుకుని ఎత్తడం అందరికీ అలవాటు. చిట్టెలుకల్ని అలా కాకుండా ఒక గొట్టంలోకి నడిపించి ఆ గొట్టంతో ఎత్తితే, లేదా రెండు అరచేతులు దోసిలిలా పట్టి ఎత్తితే వాటి బెదురు బాగా తగ్గుతుందని ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ పరిశోధకులు 2010లో చూపించారు. బెదిరిన ఎలుక మీద వచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి? జాలిపడ్డం, సైన్సు సరిగ్గా చేయడం అక్కడ ఒకటే అయ్యాయి. అది గమనించినవాళ్లకి మీ అమ్మాయి లాంటి కళ్లే ఉండి ఉంటాయి.

ఇక ఆ ఎనిమిది లక్షల కోర్సు. దీని గురించి నాకు చాలా అనుమానాలున్నాయి.

కాలం మారుతున్న మాట నిజం. కొత్త మందుకి జంతువుల మీద పరీక్ష తప్పనిసరి అన్న షరతుని అమెరికా 2022 డిసెంబరులో చట్టం నుంచి తొలగించింది. మన దేశంలోనూ 2023లో కొత్త మందుల నిబంధనలు సవరించి, మానవ కణాలతో, చిప్ మీద పెంచిన అవయవాలతో, కంప్యూటర్ మోడళ్లతో చేసిన పరీక్షలకి చోటిచ్చారు. తప్పనిసరి కాదన్నారు తప్ప నిషేధించలేదు. ఈ తేడాని కోర్సులు అమ్మేవాళ్లు మింగేస్తున్నారు. "ఇక ఎలుకలుండవు, అంతా ఏఐనే" అని బ్రోచర్‌లో వేసి, రెండేళ్లు పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్పి, లివర్‌లో మందు ఎలా విరుగుతుందో కూడా చెప్పకుండా పంపిస్తే ఆ పిల్లలకి ఎవరు ఉద్యోగమిస్తారు? మందు విషమవుతుందో లేదో కంప్యూటర్ ముందే చెప్పాలంటే దానికి పాత ఫలితాలు నేర్పాలి. వాటిలో చాలావరకు జంతువుల మీద వచ్చినవే. ఆ ఫలితాల్లో ఏది నమ్మొచ్చో, ఏది పారేయాలో తెలియాలంటే ఫార్మకాలజీ రావాలి.

అమ్మాయికి ఇంకొకటి కూడా తెలియాలి. జంతువుల బదులు కణాలు పెంచుతాం అంటారు కదా, ఆ కణాలకి వేసే మేతలో చాలాచోట్ల వాడేది కడుపులో ఉన్న దూడ రక్తం నుంచి తీసిన సీరం. అది లేని మేత కూడా ఉంది, దాని వాడకం ఇంకా పెరుగుతోంది. ఏ దారీ పూర్తిగా శుభ్రం కాదని ముందే తెలిస్తే, రెండేళ్ల తర్వాత తెలిసి మళ్లీ కుంగిపోదు.

ఆ యూనివర్సిటీకి అమ్మాయిని తీసుకుని మీరే వెళ్లండి. రిసెప్షన్‌లో కూర్చోబెట్టి వీడియో వేస్తామంటే ఒప్పుకోవద్దు. కణాలు పెంచే గది చూపించమనండి. ఇంక్యుబేటర్ ఆన్‌లో ఉందా, 37 డిగ్రీలు చూపిస్తోందా, లోపల ఈ వారం తేదీ రాసిన ఫ్లాస్కులున్నాయా చూడండి. మొదటి బ్యాచ్ పిల్లలు ఎక్కడ చేస్తున్నారో అడిగి, వాళ్లలో ఇద్దరితో ఫోన్లో మాట్లాడండి. ఇవి చూపించలేని చోట ఎనిమిది లక్షలు పోయడం నాకు ఇష్టం లేదు, మీ జీతం ఎంతో కూడా రాశారు కాబట్టి ఇంకా ఇష్టం లేదు.

పోలిక అడిగారు కాబట్టి నా లెక్క చెబుతాను. ఎంఫార్మసీ ప్రవేశానికి పెట్టే జీప్యాట్ పరీక్ష రాసి, మంచి చోట ఫార్మకాలజీ అండ్ టాక్సికాలజీలో (మందులతో పాటు వాటి విషప్రభావాలూ చదివే కోర్సు) సీటు తెచ్చుకుంటే ఖర్చు తక్కువ, పునాది గట్టిది. అందులో ఉంటూనే కణాల పని, స్టాటిస్టిక్స్, కొంచెం కోడింగ్ నేర్చుకోవచ్చు. హైదరాబాద్ మనకి దగ్గర. ఫార్మసీ పీజీ చదువులు చెప్పే నైపర్ ఉంది, కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది, మందుల భద్రత పరీక్షించే ల్యాబులున్నాయి. ప్రాజెక్టు తీసుకునేటప్పుడు గైడ్‌ని జంతువులు లేని అంశమే అడగొచ్చు. జంతువులున్న ప్రాజెక్టయినా ఎథిక్స్ కమిటీ అనుమతి లేనిదే మొదలుకాదు, ఎన్ని జంతువులు, ఎందుకన్ని అని అక్కడ రాసివ్వాలి. ఆ కాగితం చదివి "ఆరుతో తేలేదానికి పన్నెండెందుకు?" అని అడిగే మనిషి ఆ బల్ల దగ్గర కావాలి.

అంతా విన్నాక కూడా ల్యాబులో జంతువు ఉన్న గది గడప తొక్కలేనంటే బలవంతం చేయకండి. మందుల అనుమతుల కాగితాలు చూసే రెగ్యులేటరీ అఫైర్స్ ఉంది, మందు మార్కెట్‌లోకి వచ్చాక దుష్ఫలితాలు కనిపెట్టే ఫార్మకోవిజిలెన్స్ ఉంది. బీఫార్మసీతో గౌరవంగా బతకొచ్చు. మెతక మనసు ఎక్కడా అడ్డం రాదు. పాతికేళ్లుగా పిల్లల్ని చూస్తున్నాను, కష్టపడలేక నిలబడనివాళ్లని చూశాను గానీ జాలిపడి చెడినవాళ్లని చూడలేదు.

ఫీజు గడువు ఈ నెలాఖరని రాశారు. ఇప్పుడే కట్టకండి. వచ్చే ఆదివారం అమ్మాయిని తీసుకుని రండి. మీరు కాసేపు బయట కూర్చోండి, ముందు తనతో మాట్లాడతాను. ఆ రోజు ల్యాబులో ఏం చూసిందో ఇంతవరకు ఎవరూ పూర్తిగా వినలేదనిపిస్తోంది.