బాక్సింగ్‌లో టైటిల్ బౌట్ (ఛాంపియన్ బెల్టు కోసం జరిగే పోటీ) డ్రా అయితే బెల్టు పాత ఛాంపియన్ దగ్గరే ఎందుకు ఉంటుంది? ఛాలెంజర్‌కి అన్యాయం కాదా?

నాకూ మొదట అన్యాయమనే అనిపించింది. 2018 డిసెంబర్ 2, ఆదివారం. లాస్ ఏంజిలిస్‌లో అప్పటికింకా శనివారం రాత్రి, మనకేమో టిఫిన్లు అయిపోయే వేళ. తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర మా స్నేహితుడి మందుల షాపులో కూర్చుని ఫోన్‌లో వైల్డర్, ఫ్యూరీల ఫైట్ చూస్తున్నాం. గిరాకీ వస్తే వాడు లేచిపోతాడు, మళ్లీ వచ్చి "ఏమైందిరా?" అంటాడు.

డియాంటే వైల్డర్ 2015 నుంచి డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) హెవీవెయిట్ ఛాంపియన్. ఛాలెంజర్ టైసన్ ఫ్యూరీ. ఫ్యూరీ జాబ్‌లు (ముందున్న చేత్తో నేరుగా వేసే చురుకైన దెబ్బలు) వేస్తూ, దెబ్బ అందకుండా తప్పుకుంటూ రౌండ్లు లాగేసుకుంటున్నాడు. తొమ్మిదో రౌండులో ఒకసారి కిందపడి లేచాడు. ఆఖరిదైన పన్నెండో రౌండులో వైల్డర్ కుడిచేత్తో ఒకటి, వెంటనే ఎడమచేత్తో పక్కనుంచి తిప్పికొట్టే హుక్ ఒకటి ఇచ్చేసరికి వెల్లకిలా పడిపోయాడు. "అయిపాయ" అని మావాడు కౌంటర్ దగ్గరికి వెళ్లిపోయాడు. తిరిగొచ్చి చూస్తే ఫ్యూరీ లేచి నిలబడి మళ్లీ కొడుతున్నాడు!

ఒక జడ్జి వైల్డర్‌కి 115-111 ఇచ్చాడు, ఇంకొకరు ఫ్యూరీకి 114-112, మూడో ఆయన 113-113. ముగ్గురిదీ తలో దారి కాబట్టి డ్రా. బెల్టు వైల్డర్ నడుముకే.

కోపంగా ఒక మందుల కవర్ వెనకాల లెక్క వేశాను. మామూలుగా రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. కిందపడితే 8. 113-113 ఇచ్చిన జడ్జి స్కోరు కార్డునే చూడండి. అందులో ఫ్యూరీ 7 రౌండ్లు గెలిచాడు, అంటే 70. ఓడిన అయిదింట్లో రెండు సార్లు పడ్డాడు కాబట్టి రెండు ఎనిమిదులు, మూడు తొమ్మిదులు, 43. మొత్తం 113. వైల్డర్‌కి 5 రౌండ్లకి 50, ఓడిన ఏడింటికి 63. అదీ 113. ఏడు రౌండ్లు గెలిచినవాడూ, అయిదు గెలిచినవాడూ సమానం. ఆ రెండు పడిపోవడాలు లేకపోతే ఆ కార్డులో ఫ్యూరీదే గెలుపు.

నా సొంత బాధ వేరే. కాలేజీ రోజుల్లో నేనూ కొన్నాళ్లు గ్లవ్స్ వేశాను. అమెచ్యూర్‌లో అప్పుడు తగిలిన దెబ్బలు లెక్కపెట్టే పద్ధతి. ఒక బౌట్‌లో అవతలివాణ్ణి పడగొట్టాను, గెలిచేశాననే ధీమాతో చివరి రౌండంతా తిరుగుతూ గడిపేశాను. పాయింట్ల మీద ఓడిపోయాను. పడగొట్టిన దెబ్బకీ ఒక్క పాయింటే, ముక్కు మీద తగిలిన మామూలు జాబ్‌కీ ఒక్క పాయింటే. ప్రొఫెషనల్ లెక్కలైతే నా కథ ఇంకోలా ఉండేదేమో. (మా కోచ్ మాత్రం ఒప్పుకోలేదు, "నువ్వు చేతులు కిందికి దించేసినావు" అన్నాడు.)

ఇక బెల్టు సంగతి. మన చిత్తూరు వైపు మామిడితోట తగాదాలు చూసే ఉంటారు. పట్టా ఒకరి పేరున ఉంది, ఇంకొకరు అది నాదని కోర్టుకెళ్లారు. నాదేనని ఆ వెళ్లినాయన రుజువు చెయ్యలేకపోతే తోట ఎవరి చేతిలో ఉందో వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇదీ అంతే. ఛాలెంజర్ వచ్చిందే లాక్కోవడానికి. డ్రా అంటే లాక్కోలేదని.

అయితే ఒక అపోహ ఉంది, ఛాంపియన్‌కి జడ్జీలు కాస్త ఎక్కువ వెయ్యాలని. అలాంటి రూలు లేదు. ప్రతి రౌండూ మళ్లీ మొదటి నుంచే, బెల్టు ఎవరిదో చూడకుండా వెయ్యాలి. కామెంటరీ వాళ్లే "ఛాంపియన్‌ని స్పష్టంగా ఓడించాలి" అని పదేపదే అని జనాన్ని నమ్మించారు. నాకు చిరాకు ఆ మాట మీదే, డ్రా రూలు మీద కాదు.

ఇద్దరూ మళ్లీ తలపడినప్పుడు, ఫ్యూరీ 2020 ఫిబ్రవరిలో లాస్ వేగస్‌లో ఏడో రౌండులోనే పని ముగించాడు. వైల్డర్ మూలలోంచి టవల్ పడింది, అంటే అతని మనుషులే ఓటమి ఒప్పుకున్నారు, జడ్జీల అవసరమే రాలేదు.

మొదటి ఫైట్‌కి నా లెక్క మాత్రం ఇప్పటికీ 114-112 ఫ్యూరీకే. మావాడిది 113-113. తేడా ఒక్క రౌండు, అదీ వాడు దగ్గు సిరప్ ఇవ్వడానికి లేచి వెళ్లిన రౌండు.