వడపోతను విప్పి బిగించవచ్చునా?

సందేహం: మాకు బొలెరో పికప్ ఉంది. సర్వీసు బిల్లులో 'ఇంధన వడపోత మార్చబడినది' అని రాసి ఇచ్చారు. వడపోత అంటే వడపోసే పని కదా! పనిని విప్పి పారేసి కొత్తది బిగించడం కుదురుతుందా? 'డీజిల్ ఫిల్టర్' అంటే పోయేదానికి?
– ఒక పాఠకుడు, తణుకు

సమాధానం: ముందు ఆ 'మార్చబడినది' సంగతి. మార్చినవాడు ఎదురుగా చేతులు తుడుచుకుంటుంటే 'మార్చాం' అనడానికి ఏం అడ్డొచ్చింది? ఈ 'బడు' రోగం ఆఫీసు కాగితాల నుంచి షెడ్ల దాకా పాకింది.

ఇక వడపోత. దీనికి మూలం 'వడియు'. బొట్టుబొట్టుగా కారడం అని అర్థం. తమిళులకూ 'వడి' ఉంది. మనం గంజి వార్చినట్టే వాళ్లు అన్నం 'వడిస్తారు'. కుండ మూతికి గుడ్డ కట్టి పోస్తే కిందికి వడియాలి, అందుకే 'వడియగట్టు'. అదే అరిగి వడగట్టు, వడకట్టు అయింది. పోయడం వైపు నుంచి చూస్తే వడపోయు. శాస్త్రాలన్నీ 'కాచి వడబోసిన' పండితుల్ని మనం ఎరుగుదుం. తమాషా ఏమిటంటే ఇంగ్లీషు ఫిల్టరూ గుడ్డలోంచే పుట్టింది. లాటిన్‌లో 'ఫిల్ట్రుమ్' అంటే ఒత్తిన ఉన్నిగుడ్డ; దాంతోనే వడకట్టేవారు. ఇప్పుడు మీ బండిలో ఉన్నది మడతలు పెట్టిన కాగితం. అయినా రెండు భాషలూ గుడ్డను వదల్లేదు. వడదెబ్బలోని వడ వేరు, వడివడిగా నడిచే వడి వేరు. తినే వడ సంగతి చెప్పనక్కర్లేదు.

నన్నడిగితే ఆ డబ్బా చేసేది వడకట్టడం ఒక్కటే కాదు. డీజిల్ కంటే బరువైన నీళ్లు అడుక్కి దిగుతాయి. చాలా బండ్లలో కింది ప్లగ్ వదులు చేసి వాటిని వదిలేస్తారు. ఇలా మడ్డిని అడుక్కి దింపి పైదాన్ని తేట చేయడానికి మనకు 'తేర్చు' అనే చక్కని మాట ఉంది. ఇండుపగింజ అరగదీసి బురదనీళ్లు తేర్చిన ఇళ్లలో పుట్టినవాళ్లం, 'తేట' ఒక్కటి దాచుకుని తేర్చడం మరిచాం!

'ఇంధనం' మాత్రం నాకు నవ్వు తెప్పించింది. అమరకోశం దాన్ని సమిధ పక్కన కూర్చోబెట్టింది. అసలు అర్థం వంటచెరకు. కట్టెల్ని వడపోయడం మీ షెడ్డువాళ్లకే చెల్లింది. డీజిల్ అంటారా, అది రుడాల్ఫ్ డీజిల్ (1858–1913) అనే జర్మన్ ఇంజనీరు ఇంటిపేరు. దాన్ని తెలుగు చేయబోకండి.

ఇంతకీ తప్పా, ఒప్పా? కోయు–కోత లాగే పోయు–పోత. కోత పనే, వస్తువు కాదు. అలా చూస్తే మీ అనుమానం న్యాయమే. కానీ పశువు మేయడమూ మేతే, దాని ముందు వేసిన గడ్డీ మేతే. మూయు నుంచి వచ్చిన మూతను రోజూ చేత్తో పట్టుకుంటున్నాం. కాబట్టి వడపోతను వస్తువు పేరుగా వాడితే తప్పని కొట్టేయలేను, మెచ్చుకోనూ లేను. నా బండికైతే 'డీజిల్ ఫిల్టర్ మార్చాం' అనే రాయమంటాను. మార్చాక లైన్లో చిక్కిన గాలి తీయడాన్ని మెకానిక్కులు 'ఎయిర్ తీయడం' అంటారు. అందులో సగం తెలుగే, దాని జోలికి పోను.