ఆండ్రోమెడా చుట్టూ క్లస్టర్లు వెతకబోతున్న వంశీకి

చి॥ వంశీకి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఆండ్రోమెడా గెలాక్సీ చుట్టూ ఉన్న గ్లోబ్యులర్ క్లస్టర్లని, అంటే ముసలి నక్షత్రాలు లక్షల్లో గుండ్రంగా ముద్దకట్టిన గుంపుల్ని, గుర్తించే పని పెట్టుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. డాబా మీది టెలిస్కోపుకి అవి అందుతాయా అక్కా అని అడిగింది. అందుతాయనే చెప్పాను. మన ఇంటి పిల్లాడు ఇలాంటి పని తలకెత్తుకున్నాడని ఎంత పొంగిపోయానో, ఫోన్ పెట్టేశాక అంత దిగులు పట్టుకుంది. అవి దొరకవేమోనన్న దిగులు లేదురా. దొరికాయని నువ్వు తొందరపడి జాబితా రాసేస్తావేమోనని.

ముందు లెక్క చూడు. ఆ గెలాక్సీ 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడ ఒక ఆర్క్ సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు కోణం, దాదాపు 12 కాంతి సంవత్సరాలు. వెడల్పుల కొలతల్లో నేను సెకను అన్నచోటల్లా ఇదే, ఫ్రేముల సెకన్లు మాత్రం కాలం. మామూలు గ్లోబ్యులర్‌లో సగం వెలుగు 20 కాంతి సంవత్సరాల వెడల్పులోనే ఉంటుంది, అంటే ఒకటిన్నర సెకను పైచిలుకు. హైదరాబాదు గాలిలో ఉత్త నక్షత్రమే రెండున్నర, మూడు సెకన్ల చుక్కగా పడుతుంది. రెంటికీ ఉన్న తేడా చుక్క వెడల్పులో ఏ పదో వంతో, ఐదో వంతో. కంటితో చూసి ఇది క్లస్టర్ అనడానికి వీల్లేదు, కొలవాల్సిందే. వెలుగు సంగతికొస్తే, అన్నిటికన్నా మెరిసేవి 14వ మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటాయి, ఎక్కువ భాగం 17 చుట్టూ (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది). మన పాలపుంతకి 150కి పైగా గ్లోబ్యులర్లు ఉంటే ఆండ్రోమెడాకి 450 దాటి ఉన్నాయి.

పరికరాల గురించి నీకు పెద్దగా చెప్పనక్కర్లేదు. 200 మిల్లీమీటర్ల అద్దం, ఎఫ్/5, 3.76 మైక్రాన్ల పిక్సెళ్ల కెమెరా అంటే పిక్సెల్‌కి 0.78 సెకన్లు, సరిపోతుంది. 60 సెకన్ల ఫ్రేములు తీయి, ఏ రాత్రి ఫ్లాట్లు (ఫ్రేములో వెలుగు హెచ్చుతగ్గుల్ని సరిచేసే ఖాళీ ఫ్రేములు) ఆ రాత్రే తీసుకో, మంచు పట్టకుండా హీటర్ పట్టీ కట్టు. నవంబరు మధ్యలో రాత్రి 9 దాటాక ఆండ్రోమెడా ఉత్తరాన 66 డిగ్రీల ఎత్తుకి వస్తుంది, దానికి అటూ ఇటూ రెండేసి గంటలే నీవి. చీకటి కోసం శ్రీశైలం రోడ్డు పట్టుకుని అడవిలోకి వెళ్తానంటే మాత్రం ఒక్కడివీ వెళ్లకు. వెళ్లినా పొద్దుండగానే చేరి తెల్లారాకే బయల్దేరు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. 60 సెకన్లలో 12, 13 మాగ్నిట్యూడ్ నక్షత్రాల పిక్సెళ్లు నిండిపోతాయి. నిండిన చుక్క శిఖరం తెగి బల్లపరుపుగా మారుతుంది, కొలిస్తే వెడల్పు ఎక్కువ చూపిస్తుంది, నీ ప్రోగ్రాం దాన్ని క్లస్టర్ అంటుంది. అందుకని 10 సెకన్ల సెట్ ఒకటి విడిగా తీసి, మెరిసే వాటిని అందులోనే కొలువు. నీ న్యూటోనియన్ (అద్దం టెలిస్కోపు) ఫ్రేము అంచుల్లో కోమా అనే లోపం వల్ల చుక్కలు సాగుతాయి కాబట్టి ఫ్రేము మొత్తానికీ ఒకే కొలబద్ద పెట్టకు. అనుమానం ఉన్న చుక్కని దానికి ఐదు ఆర్క్ నిమిషాల లోపల ఉన్న నక్షత్రాలతోనే పోల్చు.

కొలిచే పద్ధతి ఇది. ప్రతి చుక్కకీ ఒకటిన్నర సెకన్ల వ్యాసార్ధంతో ఒకసారి, నాలుగు సెకన్లతో ఒకసారి మాగ్నిట్యూడ్ తీయి. రెంటి తేడాని మాగ్నిట్యూడ్‌కి ఎదురుగా గీస్తే నక్షత్రాలన్నీ ఒకే పట్టీలో పడతాయి, పరుచుకున్నవి ఆ పట్టీ పైకి లేస్తాయి. లేచినవన్నీ క్లస్టర్లు కావు. జంట నక్షత్రాలూ లేస్తాయి, కాని వాటి చుక్క ఒక పక్కకి సాగి ఉంటుంది. గ్లోబ్యులర్ దాదాపు గుండ్రం.

చేయి తిరగడానికి జీ1 అనే క్లస్టర్‌తో మొదలుపెట్టు. 1953లో మేయల్, ఎగ్గెన్ పట్టుకున్నది. కేంద్రం నుంచి నైరుతిగా రెండున్నర డిగ్రీలు, 13.7 మాగ్నిట్యూడ్. ప్రధాన ఫ్రేములోకి రాదు, దాని కోసం టెలిస్కోపు విడిగా తిప్పాలి. దానికి ఆనుకుని మన పాలపుంతవే రెండు నక్షత్రాలున్నాయి. గాలి బాగా లేని రాత్రి ఆ మూడూ కలిసి ఒకే మసక మచ్చ అవుతాయి, ఆ మచ్చని కొలిస్తే జీ1 వెలుగూ వెడల్పూ రెండూ తప్పొస్తాయి. గాలి నిలకడగా ఉన్న రాత్రి ఫ్రేములు మాత్రం ఏరి కలిపితే మూడూ విడిపోతాయి. అప్పుడు ఆ రెండు నక్షత్రాల పక్కనే జీ1 అంచు ఎలా మెల్లగా సన్నగిల్లుతుందో పిక్సెల్ పిక్సెల్‌గా చూడు. పక్కవి టక్కున ఆగిపోతాయి, ఇది ఆగదు. హబుల్ టెలిస్కోపు 1994లో తీసిన దాని బొమ్మ కూడా పక్కన పెట్టుకో, ఆ సన్నగిల్లే అంచంతా విడివిడి నక్షత్రాలుగా కనిపిస్తుంది.

తరువాత గయా డేటా, అంటే నక్షత్రాల చోటూ వెలుగూ కొలిచిన యూరప్ ఉపగ్రహానిది. అందులో క్లస్టర్లని పట్టిచ్చే గుర్తు ఒకటుంది. గయా జీ (మొత్తం వెలుగు) మాగ్నిట్యూడ్‌ని సన్నటి చుక్క ఆకారం అనుకుని కొలిచింది. నీలం, ఎరుపు వెలుగుల్ని మాత్రం దాదాపు 3.5 సెకన్ల పొడవు, 2.1 సెకన్ల వెడల్పు కిటికీలోంచి మొత్తంగా పోగేసింది. పరుచుకున్న వస్తువైతే ఆ కిటికీలో పడ్డ వెలుగు జీ కన్నా బాగా ఎక్కువొస్తుంది. ఆ నిష్పత్తి పట్టికలోనే ఉంటుంది, దాన్ని రంగుకి తగ్గట్టు సరిచేసి వాడు. కాని గెలాక్సీ పళ్లెం మీద దీన్ని నమ్మకు. అక్కడి రద్దీలో పక్క నక్షత్రాల వెలుగు కూడా ఆ కిటికీలోకే దూరుతుంది, ఉత్త నక్షత్రం కూడా క్లస్టర్‌లా కనిపిస్తుంది.

సొంత చలనం కూడా గయాలోనే చూడు. ఏడాదికి కొన్ని మిల్లీ ఆర్క్ సెకన్లు కదిలేది ఏదైనా మన పాలపుంత నక్షత్రమే, ఆండ్రోమెడా అంత వేగంగా కదల్లేదు. అయితే పరుచుకున్న వస్తువు కేంద్రాన్ని గయా సరిగ్గా పట్టుకోలేక అసలైన క్లస్టర్‌కి కూడా ఒక్కోసారి లేని చలనం అంటగడుతుంది. అందుకే చలనం దాని ఎర్రర్‌కి ఐదు రెట్లు దాటి, ఆస్ట్రోమెట్రీ శబ్దం (చోటు కొలతలో తడబాటు) తక్కువగా ఉంటేనే కొట్టెయ్యి. తొందరపడి చేర్చడం ఎంత తప్పో, తొందరపడి తీసెయ్యడమూ అంతే.

రంగు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకు. గ్లోబ్యులర్ల బీ మైనస్ వీ (రెండు ఫిల్టర్లలో మాగ్నిట్యూడ్ల తేడా, ఎంత పెరిగితే అంత ఎరుపు) సుమారు 0.6 నుంచి 1.0 దాకా ఉంటుంది. మన సూర్యుడిది 0.65, అంటే ముందు వరసలో ఉన్న మామూలు నక్షత్రాల రంగే వీటిదీ. రంగు చూసి నీలంగా ఉన్న కుర్ర క్లస్టర్లనీ క్వేసార్లనీ (చాలా దూరపు గెలాక్సీల మెరిసే కేంద్రాలు), మరీ ఎర్రటి మరుగుజ్జు నక్షత్రాలనీ తీసెయ్యొచ్చు, అంతవరకే.

ఇక నేను రాయాలనుకున్న అసలు సంగతి. 2004, 2005 ప్రాంతంలో ఆండ్రోమెడాలో వయసు తక్కువ గ్లోబ్యులర్లు ఉన్నాయన్న మాట గట్టిగా వినిపించింది. మన పాలపుంత గ్లోబ్యులర్లు దాదాపు అన్నీ వెయ్యి కోట్ల ఏళ్ల పైబడిన ముసలివి. అక్కడేమో అంత బరువున్నవి, వయసులో ఎంతో చిన్నవి ఉన్నాయంటే, ఆ గెలాక్సీ చరిత్రే వేరని అర్థం. వాటి స్పెక్ట్రాలు (వెలుగుని రంగులుగా విడదీసిన పట్టీలు) నిజంగానే చిన్న వయసు చూపించాయి, హైడ్రోజన్ గీతలు బలంగా ఉన్నాయి. వేగాలు కూడా ఆండ్రోమెడాకి అచ్చంగా సరిపోయాయి. ఇంకేం కావాలి అనిపిస్తుంది కదూ? 2005లో జుడిత్ కోహెన్ బృందం హవాయిలోని కెక్ టెలిస్కోపుతో, లేజర్ సాయంతో గాలి వణుకుని సరిచేసి అలాంటి ఆరింటిని చూసింది. ఆరింటిలో నాలుగు అసలు క్లస్టర్లే కావు. ఒకే చూపు దారిలో పడ్డ రెండు మూడు మెరిసే నక్షత్రాలు, వాటి వెనక పళ్లెం మసక. అంతే.

ఎక్కడ తప్పిందో నిదానంగా ఆలోచించు. స్పెక్ట్రోగ్రాఫ్ రంధ్రం ఆ నక్షత్రాల వెలుగునీ, చుట్టూ ఉన్న పళ్లెం వెలుగునీ కలిపి లోపలికి తీసుకుంది. అందులో ఒకటో రెండో నీలి నక్షత్రాలుంటే హైడ్రోజన్ గీతలు బలంగానే వస్తాయి, మొత్తానికి వయసు తక్కువని తేలుతుంది. వేగం సరిపోవడంలో వింతేముంది, ఆ నక్షత్రాలు నిజంగా ఆండ్రోమెడావే. వేగం చెప్పేది అది ఏ ఊరిదో మాత్రమే, అది ఒక్క కుటుంబమా కాదా అన్నది చెప్పదు. అక్కడ ఉందా, ఒకే వస్తువా, ముసలిదా అన్న మూడు ప్రశ్నలకి మూడు వేరు వేరు సాక్ష్యాలు కావాలి. మొదటిదానికి దొరికిన జవాబుని రెండోదానికి కూడా వాడేసుకున్నారు. అలా చేసినవాళ్లు చేతకానివాళ్లు కారు నాన్నా, గట్టి శాస్త్రజ్ఞులు. పాత జాబితాలో క్లస్టర్ అని రాసి ఉంటే ఎవరైనా అక్కడి నుంచే మొదలుపెడతారు.

ఆ జాబితాలు ఎలా పెరిగాయో చూడు. 1932లో హబుల్ 140 వస్తువుల్ని చూపిస్తూ, వీటిని గ్లోబ్యులర్లుగా తాత్కాలికంగానే అనుకుంటున్నానని శీర్షికలోనే రాశాడు. 1977 జాబితాలో 355కి జీ నంబర్లిచ్చారు, తరువాత ఇటలీలో బొలోన్యా వాళ్లు బీ నంబర్లిచ్చారు. ఒక్కో తరం మారేకొద్దీ ఆ ‘తాత్కాలికంగా’ అన్నది రాలిపోయి నంబరు మిగిలింది. 2009లో కాల్డ్‌వెల్, ఆయన సహచరులు 1300 వస్తువుల్ని కొత్తగా పరిశీలిస్తే 670 మాత్రమే క్లస్టర్లయ్యే అవకాశం ఉన్నవిగా తేలాయి. తక్కినవి క్లస్టర్లనుకున్న నక్షత్రాలూ, వెనకనున్న గెలాక్సీలూ. ఆ 670లో కూడా కుర్రవి చాలా ఉన్నాయి, నిజమైన క్లస్టర్లే కాని గ్లోబ్యులర్లు కావు. నీ పేరున ఒక తప్పు నంబరు అలా ఏళ్ల తరబడి తిరగడం ఊహించుకుంటేనే నాకు నిద్ర పట్టడం లేదు.

అందుకే పళ్లెం జోలికి ఇప్పుడే పోకు. పళ్లెం చుట్టూ పలచగా పరుచుకున్న బయటి హేలోతో మొదలుపెట్టు. అక్కడ రద్దీ లేదు, ధూళి లేదు, గయా గుర్తు బాగా పనిచేస్తుంది. అక్కడి శత్రువు వేరు, వెనకనున్న చిన్న దీర్ఘవృత్తాకార గెలాక్సీలు. ముసలి నక్షత్రాలే కాబట్టి రంగూ అదే, మసక అంచూ అదే. పాన్‌స్టార్స్ అనే ఆకాశ సర్వే బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి, పిక్సెల్ పావు సెకను. నీ జాబితాలో ప్రతిదాన్నీ అందులో తెరిచి చూడు, సాగిన ఆకారమో చుట్టూ చిన్న గుంపో కనిపిస్తే గెలాక్సీ అని అనుమానించు. పళ్లెం మీద ఈశాన్య భాగానికి హబుల్ టెలిస్కోపు సర్వే ఉంది, 0.05 సెకన్ల పిక్సెల్. అందులో వలంటీర్లు కళ్లతో వెతికి గుర్తించినవాటి నుంచి 2015లో 2,753 క్లస్టర్ల జాబితా వచ్చింది. అందులో ఎక్కువ కుర్రవే, కాని అసలు క్లస్టర్‌కీ, అల్లరి చేసే నక్షత్రాల గుంపుకీ తేడా తెలుసుకోవడానికి అంతకు మించిన బడి లేదు.

ఎప్పుడైనా లడఖ్‌లోని హాన్లేలో రెండు మీటర్ల టెలిస్కోపు మీద సమయం దొరికితే, తక్కువ రిజల్యూషన్ గ్రిజంతో (వెలుగుని రంగులుగా విడదీసే గాజు) వెనక గెలాక్సీలని ఇట్టే ఏరెయ్యొచ్చు, వాటి వేగాలు సెకనుకి వేల కిలోమీటర్లు. మన నక్షత్రాలని వేరు చెయ్యడానికి అది చాలదు. పైగా ఆండ్రోమెడా మొత్తంగా సెకనుకి 300 కిలోమీటర్ల వేగంతో మనవైపు వస్తున్నా, తిరగడం వల్ల ఈశాన్యం వైపు ఆ వేగం సున్నా దగ్గరికి వచ్చేస్తుంది, సరిగ్గా మన నక్షత్రాల వేగాలు ఉండే చోటికి. నైరుతి వైపు ఆ చిక్కు లేదు. కాబట్టి స్పెక్ట్రాలు తీస్తే నైరుతి నుంచి మొదలుపెట్టు.

ముందు పరీక్ష ఒకటి పెట్టుకో. తెలిసిన గ్లోబ్యులర్లు 20, నక్షత్రాలు 20, గెలాక్సీలు 20 తీసుకుని పేర్లు తీసేసి మీ చెల్లి చేత కలిపించు. నీ పద్ధతి వాటిలో ఎన్నిటిని సరిగ్గా చెప్పిందో లెక్కపెట్టు. నాలుగు నక్షత్రాలు క్లస్టర్లలో కలిసిపోతే, నీ కొత్త జాబితాలో కూడా ఎన్నో కొన్ని కలుస్తాయి. ఆ సంఖ్యని జాబితా పైనే రాయి. ప్రతి వరసలోనూ ఏ సాక్ష్యం ఉందో, ఏది లేదో రాయి. ‘వెడల్పు ఉంది, గయా గుర్తు ఉంది, స్పెక్ట్రం లేదు’ అని రాయడానికి సిగ్గుపడకు.

ఆ 60 ఫలితాలూ, జీ1 ఫ్రేములూ నాకు పంపు. జేపెగ్‌లు వద్దు, కెమెరా అసలు అంకెలుండే ఫిట్స్ ఫైళ్లే కావాలి, ఫ్లాట్లతో సహా. డాబా మీద చలికోటు వేసుకో, మీ అమ్మని మెలకువగా కూర్చోబెట్టకు.

ఇట్లు,
పెద్దమ్మ